ఎక్కకుండానే దిగిన సైకిల్

ఆ గురువారం అనంతమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారగానే జహీరాబాద్‌లోని తన గదికి తాళం వేయాలి. పంచాయతీ సమితి ఆఫీసు వారు ఇచ్చిన ఆకుపచ్చ సైకిల్‌ను చేత్తో నడిపించుకుంటూ చిరాగ్‌పల్లి దాటి, ఆ అవతలి ఊళ్లో ఉండే మహాదేవమ్మ ఇల్లు చేరాలి. కాళ్లు పట్టుకునైనా సరే, సైకిల్ తొక్కడం నేర్పమని ఆమెను అడగాలి. ఎండ ముదరకముందే నేర్చుకుని, తిరుగు ప్రయాణంలో ఆ సైకిల్ మీద కూర్చుని రావాలి.

మూడు నెలలుగా ఆమె ఆ సైకిల్‌తోనే ఆరు ఊళ్లు తిరుగుతోంది. ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఈ సంగతి ఆమెకు, ఆ సైకిల్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు.

గ్రామసేవిక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు బి.డి.ఓ. జగన్‌మోహన్ గారు ఆమె కాగితాలు చూస్తూ, "సైకిల్ తొక్కడం వచ్చు కదమ్మా" అని అడిగారు. అనంతమ్మ తల ఊపింది. ఆమె ఏమడిగినా తల ఊపే మనిషి. అడ్డంగా ఊపితే ఎందుకని అడుగుతారు, నిలువుగా ఊపితే ఎవరూ ఏమీ అడగరు అని న్యాల్‌కల్ బడిలో చదువుకునే రోజుల్లోనే కనిపెట్టింది. ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంతో పాటు ఒక గది, ఆ గదికి ఒక తాళంచెవి వచ్చాయి. పుట్టి ఇరవై మూడేళ్లలో తన కొంగుకు తన సొంత తాళంచెవి కట్టుకోవడం అదే మొదలు. అంతకు ముందు అన్న ఇంట్లో నీళ్లు మోసి, పిండి విసిరి, వదిన చూపులు చదువుకుంటూ బతికింది. ఆ ఇంటికి తిరిగి పోవాలన్న ఊహ వస్తే చాలు, చెయ్యి దానంతట అదే కొంగు ముడి మీదికి పోయేది.

సైకిల్ చేతికి వచ్చిన మొదటి రోజే అసలు చిక్కు మొదలైంది. హైవే దిగి చిరాగ్‌పల్లిలోకి వెళ్లే దారిలో మల్లప్ప పటేల్ ఇంటి అరుగు ఉంటుంది. ఆ ప్రాంతంలో పెద్దమనిషి కనబడితే సైకిల్ దిగడం మర్యాద. ఎంత తొందర పనైనా దిగి, నాలుగడుగులు నడిచి, ఆయన్ను దాటాక మళ్లీ ఎక్కుతారు. కొత్తగా సైకిళ్లు కొన్న పడుచువాళ్లు ఆ మర్యాద మరిచిపోయి, తన ముందు నుంచే గంట కొట్టుకుంటూ పోతున్నారని పటేల్ కొంతకాలంగా బాధపడుతున్నాడు. అటువంటి సమయంలో ఒక ఆడపిల్ల, తల దించుకుని, సైకిల్‌ను పక్కన నడిపించుకుంటూ వచ్చింది.

"ఎవల బిడ్డవే? నన్ను జూసి దిగినవా?" అని అడిగాడు పటేల్.

అనంతమ్మ తల ఊపింది.

ఆ తల ఊపు ఆమె ఊహించినంత చిన్నదిగా ఉండిపోలేదు. పటేల్ ఆ మాట హైవే పక్కన టీ హోటల్ నడిపే ముఖ్తార్‌కు చెప్పాడు. "అందరు మొగోళ్లే, ఒక్కనికి ఇజ్జత్ తెల్వదు. గా సేవికమ్మ జూడు, నా తలరుమాలు కొస కనబడంగనే దిగుతది" అన్నాడు. ముఖ్తార్ టీ తాగేవాళ్లకు చెప్పాడు. అతని హోటల్లో హైదరాబాద్ పోయే లారీలూ, బొంబాయి పోయే లారీలూ ఆగుతాయి కనుక కథ రెండు వైపులా బయలుదేరింది. ఆరు ఊళ్లలోనూ అరుగు మీది పెద్దలు అనంతమ్మ నడుచుకుంటూ రావడం చూసి, అంతకుముందే, తాము చూడని మలుపులో ఆమె దిగి ఉంటుందని తేల్చుకున్నారు. రోజుకు పన్నెండు మైళ్లు నడుస్తున్న ఆమెను చూసి ఆ సమితిలోకెల్లా వేగంగా సైకిల్ తొక్కే మనిషి అన్నారు. అంత దూరం అంత పొద్దున్నే ఎట్లా వస్తుందనే ప్రశ్నకు వాళ్లకు దొరికిన జవాబు అదే. తెల్లవారుజామునే లేస్తుందన్నది ఎవరికీ తోచలేదు.

అనంతమ్మకు ఇదంతా భయంగా ఉండేది. ఆ భయంలో ఆమెకు దొరికిన ఒకే ఒక ఆధారం మహాదేవమ్మ కథ. అది కూడా ముఖ్తార్ హోటల్లోంచే వచ్చింది. మొగుడు నడుము పడిపోయి మంచాన పడితే, నలభై ఏళ్ల మనిషి, అక్షరం ముక్క రానిది, అతని సైకిల్ తీసి దాని మీద రెండు అల్లం బస్తాలు వేసుకుని మార్కెట్‌కు తొక్కుకుంటూ పోతుందట. వానలో, బురదలో, ఒక్కనాడు ఆగలేదట. కాళ్లు పుండ్లు పడి కూర్చున్నప్పుడల్లా అనంతమ్మ ఆమెను తలచుకునేది. రెండు బస్తాలతో ఆమె తొక్కగా లేనిది, ఉత్త సైకిల్ నేను తొక్కలేనా అనుకుని లేచేది. లేచి, మళ్లీ నడిచేది.

అది మహిళా సంవత్సరమని పైనుంచి కాగితాలు దిగుతున్న 1975. డిసెంబరులో చిరాగ్‌పల్లి బడి మైదానంలో మహిళా సభ పెట్టాలని బి.డి.ఓ. గారు నిర్ణయించారు.

"ముందు మీరిద్దరూ సైకిళ్ల మీద రావాలి, నువ్వూ, ఆ మహాదేవమ్మా" అన్నారు అనంతమ్మతో. "మీ కథలు నాలుగు సమితుల్లో చెప్పాను. కళ్లతో చూపిస్తే ఇంకా నాటుతాయి. నీ ప్రొబేషన్ కాగితం మీద ఆ రోజే, ఆ వేదిక మీదే సంతకం పెడతాను. సరేనా?"

అనంతమ్మ తల ఊపింది. సభకు పన్నెండు రోజులు ఉన్నాయి.

అందుకే ఆ గురువారం ప్రయాణం. చిరాగ్‌పల్లి దాటాక బండ్ల బాట మొదలవుతుంది. బాటకు ఇరువైపులా చెరుకు. ఒక మైలు రాయి దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఒక ఆడమనిషి కనబడింది. నల్లగా, పొడుగ్గా, కాసె పోసి చీర కట్టుకుని, నల్ల సైకిల్‌ను పక్కన నడిపించుకుంటూ వస్తోంది. సైకిల్ మీద రెండు అల్లం బస్తాలు. చూడగానే అనంతమ్మకు ఎవరో తెలిసిపోయింది. ఆమె గుండె నిండిపోయింది. అంత పెద్ద మనిషి, ఇంత చిన్నదాన్ని చూసి, సైకిల్ దిగింది.

"నన్ను జూసి ఎందుకు దిగిన్రక్కా? నేను చిన్నదాన్ని" అంది చేతులు జోడించి.

మహాదేవమ్మ కూడా అప్పటికే నిలబడిపోయి అనంతమ్మ సైకిల్ వంక చూస్తోంది. "నువ్వే గద సేవికమ్మవు? నాకెందుకు దిగినవు బిడ్డ? పటేళ్లకైతె దిగాలె గని, అల్లం అమ్ముకునేదానికి గూడ దిగుతరా? అందరు నీ గురించి చెప్పింది నిజమే."

"మీరు ఎక్కున్రి. నేను మీ కోసమే ఒస్తున్న."

"నేనూ నీ కోసమే బయలెల్లిన. నువ్వు ఎక్కు, ఎన్కకు తిప్పు, మాట్లాడుకుంట పోదం."

"మీరు ముందు ఎక్కున్రక్కా. పెద్దోళ్లు."

"సర్కారు కొలువుదానివి, నువ్వు ఎక్కు. నీ ఎన్క నేను ఎక్కుత."

ఇద్దరూ ఒకరి మర్యాదకు ఒకరు మురిసిపోతూ, ఒకరి పెడల్ వంక ఒకరు ఆశగా చూస్తూ అక్కడే నిలబడ్డారు. రెండు సైకిళ్లు బాటకు అడ్డంగా ఉన్నాయి. అనంతమ్మ వెనక నుంచి చెరుకు బండి ఒకటి వచ్చి ఆగింది. బండి తోలే మనిషి కాసేపు ఓపిక పట్టాడు.

"ఎవలన్న ఒకరు ఎక్కున్రమ్మా" అన్నాడు చివరికి. "ఎడ్లు నిలబడలేకపోతున్నయి."

అప్పుడు బండి వెనక నుంచి సైకిల్ గంట వినిపించింది. గాజుల బుట్ట వెనక కట్టుకుని, ఓణీ నడుముకు బిగించి, ఒక ఆడమనిషి నిజంగానే సైకిల్ తొక్కుకుంటూ చెరుకు బండి పక్కనుంచి దూసుకొచ్చింది. ఊరూరా తిరిగి గాజులు అమ్మే కులసుం. ఇద్దరినీ చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది. మైలు రాయి మీద కాలు ఆనించి, దిగి, వంగి సలాం చేసింది.

"ఇద్దరూ ఒక్క తాననే దొరికిన్రా నాకు? ఇయ్యాల నా నసీబు మంచిగుంది" అంది. "మీ కిస్సా ఇన్నంకనే మా తమ్ముని సైకిల్ గుంజుకొని నేర్చుకున్న. ఎనిమిది దినాలల్ల. మోకాళ్లు జూడున్రి. ఊకె పడుతుంటి. పడ్డప్పుడల్ల, గా మహాదేవమ్మ బస్తాలతోని తొక్కుతది, గా సేవికమ్మ పన్నెండు మైళ్లు తొక్కుతది, నీకేం రోగమే కులసుం అని నన్ను నేనే తిట్టుకుంటుంటి. నాలెక్క ఇంకెంతమందో నేర్చుకున్నరు, ఎర్కనా మీకు? పోదం పాన్రి, ముగ్గురం కలిసి పోదం. మీరు ముందు, ఉస్తాదులు."

ఉస్తాదులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అనంతమ్మకు తల ఊపాలనిపించింది. కాని ఈసారి ఊపితే ఎక్కాలి.

ముందు నోరు తెరిచింది మహాదేవమ్మే. "నాకు తొక్కరాదు పిల్లా" అంది సైకిల్ హ్యాండిల్ కిందికి చూస్తూ. "ఇది నాకు సైకిల్ గాదు, గాడిద. బస్తాలు దీని మీద ఏస్త, పట్టుకొని నడుస్త. నేను తొక్కుతనని ఎవలు చెప్పిన్రో ఏమొ. మొన్న సభకు రమ్మని పిలిస్తె బుగులై, ఈ సేవికమ్మను అడిగి నేర్చుకుందమని బయలెల్లిన."

"నాకూ రాదు" అంది అనంతమ్మ. మూడు నెలల్లో ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. అది ఆమె అనుకున్నంత బరువుగా లేదు.

చెరుకు బండి మనిషి ఎడ్ల సంగతి మరిచిపోయి వింటున్నాడు.

"ఇద్దరికీ రాదా?" అంది కులసుం నెమ్మదిగా. "మరి నేను ఎవల్ని జూసి నేర్చుకున్న?"

ముగ్గురూ సైకిళ్లు పక్కకు జరిపి, బండిని పోనిచ్చి, చెరుకు నీడన కూర్చున్నారు. అనంతమ్మ మహాదేవమ్మ చేతుల వైపు చూసింది. హ్యాండిల్ పట్టుకుని పట్టుకుని అరచేతులు కాయలు కాచాయి. రెండు బస్తాల బరువును, జారే బురదలో, పక్కకు ఒరగకుండా ఆరు మైళ్లు నెట్టుకుపోవడం తొక్కడం కన్నా కష్టం. ఆ పని ఈమె రెండు వానాకాలాలు చేసింది. కాని ఆ సంగతి ఏ లారీ డ్రైవరూ మోసుకుపోలేదు. నెట్టుకుపోవడం అందరికీ తెలిసిన కష్టం, అందులో చెప్పుకోవడానికి వింత లేదు. తొక్కిందంటేనే కథ. తను నడిచిన మైళ్లు కూడా అంతే. కాళ్లలో పుండ్లున్న కథ ఎవరికీ అక్కర్లేదు.

"నీ కథ ఇని నేను రెండు సార్లు సైకిల్ ఎక్కిన, చెల్లె" అంది మహాదేవమ్మ. "రెండు సార్లు పడ్డ. ఈ మోచేతికి గట్లనే దెబ్బ తాకింది."

"నేను మీ కథ ఇని రోజు నడిచిన" అంది అనంతమ్మ.

"ఇగ సాలు తియ్యిన్రి" అంది కులసుం లేస్తూ. "ఎవలో ఒక్కరికన్న వచ్చు గద. నేను నేర్పుత. సభ ఎన్నొద్దులకు?"

పాఠాలు ఆ రోజే మొదలయ్యాయి. ఆ రోజంతా అల్లం తవ్విన మడిలో నేర్పింది కులసుం, పడ్డా మెత్తగా ఉంటుందని. మెత్తగానే ఉంది, కాని చక్రం కదలలేదు. రెండో రోజు జొన్న కోసిన చేనుకు మారారు. చక్రం కదిలింది, కాని పడ్డప్పుడు కొయ్యకాళ్లు గుచ్చుకున్నాయి. మూడో రోజు నుంచి బండ్ల బాటే దిక్కయింది. మహాదేవమ్మ మొగుడి సైకిల్‌కు సీటు ముందు దండె అడ్డమొస్తుందని ఇద్దరూ వంతులవారీగా ఆకుపచ్చ సైకిల్ మీదే పడ్డారు.

"కిందికి జూడకు. చక్రం యాడికి పోదు, ఆడనే ఉంటది" అని వెంట పరుగెత్తుతూ అరిచేది కులసుం. "ముందర జూడు. మీ మొగుడు ఒస్తున్నడనుకో పెద్దమ్మా."

"ఆయన మంచం మీంచి లేస్తె నేను సైకిల్ ఎందుకు తొక్కుత, జాతర చేస్త" అని జవాబిస్తూనే మహాదేవమ్మ కాలువలో పడింది.

పదో రోజుకు ఇద్దరికీ వచ్చింది. ఎక్కడం వచ్చింది, తొక్కడం వచ్చింది, మలుపు తిప్పడం వచ్చింది. దిగడం ఒక్కటి మిగిలింది. కులసుంకే అది సరిగ్గా రాదు. ఆమె ఎప్పుడూ ఒక అరుగో, మైలు రాయో చూసుకుని కాలు ఆనించి దిగుతుంది. అదే పద్ధతి వీళ్లకూ నేర్పింది.

"మట్టి నేల మీద దిగుడు ఎట్ల?" అని అడిగింది అనంతమ్మ.

"అది నన్ను అడుగుతవా సేవికమ్మా? దిగుడుల నీకే గద పేరు."

సభ నాడు మైదానం నిండిపోయింది. ఒక పక్క చెక్క వేదిక, దాని మీద పందిరి, పందిరి కింద కుర్చీల్లో బి.డి.ఓ. గారు, మల్లప్ప పటేల్, మరో నలుగురు పెద్దలు. ఎదురుగా ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. డప్పు మోగగానే అనంతమ్మ, ఆమె వెనక కులసుం ఇచ్చిన దండె లేని సైకిల్ మీద మహాదేవమ్మ మైదానంలోకి వచ్చారు. చప్పట్లు మోగాయి. అనంతమ్మ ముందర చూసింది. చక్రం ఎక్కడికీ పోలేదు. గాలి ముఖానికి తగులుతోంది. తను తొక్కుతోంది. ఇందరి ముందు, నిజంగా తొక్కుతోంది.

వేదిక దగ్గరికి వచ్చేసరికి పటేల్ కుర్చీలో ముందుకు జరిగి, పక్కాయనతో, "ఇగ జూడు, ఇప్పుడు దిగుతది" అన్నాడు.

అనంతమ్మ మైదానమంతా వెతికింది. మైలు రాయి లేదు. అరుగు లేదు. వేదికను దాటి పోయింది. ఆడవాళ్లు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. రెండో చుట్టు తిరిగింది. పటేల్ గొంతు సవరించుకున్నాడు. మూడో చుట్టులో బి.డి.ఓ. గారు లేచి నిలబడి, "చాలమ్మా, ఇక చాలు" అని చెయ్యి ఊపారు. ఆమె కూడా అదే అనుకుంటోంది. నాలుగో చుట్టుకు ఆయాసం వచ్చింది. మైదానంలో కాలు ఆనించే ఎత్తున్నది ఒక్క వేదిక మాత్రమే. దాని అంచున పటేల్ కుర్చీ ఉంది. వేరే దారి లేదు. అనంతమ్మ వేదిక పక్కకు తిప్పి, కాలు చాచి, సరిగ్గా మల్లప్ప పటేల్ పాదాల ముందు చెక్క పలక మీద టప్పున పెట్టి ఆగింది.

ఆ వెనకే వచ్చిన మహాదేవమ్మకు ఆ చోటు కూడా మిగల్లేదు. ఆమె పందిరి గుంజను రెండు చేతులా కౌగిలించుకుని ఆగింది. గుంజ ఒరిగి, పందిరి ఒక పక్క పెద్దల తలల మీదికి మెల్లగా దిగింది.

పటేల్ తలరుమాలు సర్దుకుంటూ పందిరి గుడ్డ కిందనుంచి బయటికి వచ్చాడు. "నాలుగు సార్లు నా ముందర నుంచి పోయింది" అన్నాడు బి.డి.ఓ. గారితో, అందరికీ వినబడేలా. "దిగలే. ఆఖరికి కాలు తెచ్చి నా ముందర పెట్టింది. ఇన్నొద్దులు ఎంత మంచిగుండె. కొలువు పక్కా అయితదని తెల్వంగనే పొగరొచ్చింది. గిసొంటిదాన్ని మా ఊరికి పంపకున్రి."

బి.డి.ఓ. గారి చేతిలో కాగితం ఉంది, కలం మూత తీసి ఉంది. ఆయన కలం పైకెత్తి అనంతమ్మ వైపు చూశారు. "ఏంటమ్మా ఇది? నిన్ను చూసి అందరూ మర్యాద నేర్చుకోవాలని చెబుతున్నానే. పెద్దాయనను ఇట్లా అవమానించావా?"

తల ఎటు ఊపినా సరిపోదు. అనంతమ్మ నోరు తెరిచింది. "నాకు పొగరు రాలె పటేలా. ఇప్పుడు దిగరాక దిగలే. అప్పుడు ఎక్కరాక నడిచొచ్చిన. మూడు నెలలు ఒక్క దినం సైకిల్ ఎక్కలే. మిమ్ముల జూసి దిగిందంతా అబద్ధం. ఈ మధ్యనే ఈ కులసుం దగ్గర నేర్చుకున్న. మహాదేవమ్మక్క గూడ నాతోనే నేర్చుకుంది." ఒక్క గుక్కలో అంతసేపు ఆమె ఎన్నడూ మాట్లాడలేదు.

పటేల్ ఆమెను చాలాసేపు చూశాడు. కళ్లు చెమర్చాయి.

"ఇన్నవా సారు" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "నాకు కాలు తగులబోయిందని, ఆ తప్పు కోసం ఇంత మందిల తన పేరు తనే చెడగొట్టుకుంటున్నది. నాకు సైకిలే రాదంటది. గాజులమ్మే ఆమె నేర్పిందంటది. గింత అణకువ నేను ఏడ జూడలే."

"అణకువ గాదు పటేలా, నిజంగనే రాకుండె."

చప్పట్లు మోగాయి. ఆమె ఇంకోసారి చెప్పబోయింది. ఇంకా గట్టిగా మోగాయి. మహాదేవమ్మ గుంజను వదిలి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఊకో చెల్లె. మల్ల జెప్తె శాలువ కప్పుతరు" అంది మెల్లగా.

సభ ముగిసి, జనం కదులుతుండగా బి.డి.ఓ. గారు అనంతమ్మను పక్కకు పిలిచారు. ఆకుపచ్చ సైకిల్ పెడళ్ల రబ్బరు వైపు చూశారు. అది దాదాపు కొత్తగానే ఉంది.

"నువ్వు చెప్పింది నిజమేనా?"

"నిజమే సార్" అంది అనంతమ్మ, తల ఊపకుండా.

ఆయన చేతిలోని కాగితం చూసుకున్నారు. "నేను నాలుగు సమితుల్లో చెప్పిన కథ?"

"అది కాదు సార్. కాని అది ఇన్నోళ్లు నేర్చుకున్నది నిజమే."

ఆయన కాగితాన్ని ఆమె సైకిల్ సీటు మీదే పెట్టి, సైకిల్ వచ్చు అన్న చోట టిక్కు కొట్టి, సంతకం చేసి ఇచ్చారు. అనంతమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టింది.

సంవత్సరం ముగిశాక పైకి పంపిన నివేదికలో, ఆ సమితిలో సైకిల్ నేర్చుకున్న స్త్రీలు పదకొండు మంది అనీ, వారికి దారి చూపినవారు అనంతమ్మ, మహాదేవమ్మ అనీ రాశారు. అందరికన్నా ఆఖరున నేర్చుకున్నది కూడా వాళ్లే గాని, నివేదికలో దానికి గడి లేదు.